క్యాంపు గుట్ట మీద మంట

ఇప్పచెట్టు కింద ఆకులు కాల్చడం చింతమడుగులో ఎవరికీ నేర్పాల్సిన పని కాదు. పువ్వు రాలే కాలం వచ్చేసరికి చెట్టు కింద ఎండుటాకులు పాదం మునిగేంత పేరుకుని ఉంటాయి. వాటి మధ్య పడ్డ పువ్వును వెతుక్కుంటూ కూర్చుంటే రోజంతా చాలదు. అందుకని ముందే చీపురుతో చెట్టు చుట్టూ గుండ్రంగా ఊడ్చి, ఆ గిరి లోపలి ఆకులకు నిప్పు పెడతారు. గిరి దగ్గరికొచ్చేసరికి మంట తనంతట తానే చచ్చిపోతుంది. మర్నాటి నుంచి నల్లటి నేల మీద పువ్వు విడివిడిగా కనబడుతూ ఉంటుంది, ఏరుకోవడమే.

సోమమ్మ పెళ్ళై ఈ ఊరికి వచ్చిన ఏడాది నుంచీ ఆ పని చేస్తోంది. ఇప్పుడామెకు యాభై నాలుగేళ్ళు. ఇన్నేళ్ళలో ఆమె పెట్టిన నిప్పు ఒక్కసారి కూడా గిరి దాటలేదు. ఆ సంగతి ఆమెకు లోలోపల కాస్త గర్వంగా కూడా ఉండేది. మొగుడు రామనర్సయ్య మిరప ఏరడానికి రాష్ట్రం సరిహద్దు దాటి చర్ల వైపు పోయి నెల దాటింది. అతను ఉంటే ఇద్దరూ కలిసి ఊడ్చేవాళ్ళు. ఈసారి ఒక్కతే ఊడ్చింది. గిరి వెడల్పు కొంచెం తగ్గిందేమో, ఆ తర్వాత ఎంత ఆలోచించినా ఆమెకు గట్టిగా గుర్తు రాలేదు. గుర్తున్నదల్లా ఒకటే, పాత మొద్దు సంగతి. బోలుగా ఉన్న ఎండు మొద్దొకటి గిరికి అడ్డంగా పడి ఉంది. సగం లోపల, సగం బయట. దాన్ని ఒక్క మనిషి కదపలేదు. ఆకు మంట మొద్దునేం చేస్తుందిలే అనుకుంది.

మంట చల్లారింది. పొగ కూడా తగ్గింది. సోమమ్మ వాగులోకి దిగి నీళ్ళు తాగి, మొహం కడుక్కుని, కాసేపు బండ మీద కూర్చుంది. పొద్దు ఎక్కేకొద్దీ పడమటి గాలి లేచింది. వాగు గట్టెక్కి చూసేసరికి మొద్దు అవతలి కొస నుంచి నిప్పు పాకుతోంది. మొద్దు లోపల రగిలి రగిలి అటు నుంచి బయటికి వచ్చింది. ముందున్నది ఎండు గడ్డి. గడ్డి దాటితే ముళ్ళకంచె. కంచె లోపల క్యాంపు గుట్ట.

ఆమె పచ్చి తునికి కొమ్మ విరిచి కొట్టింది. ఒక పక్క ఆరితే ఇంకో పక్క లేచింది. చీరకొంగు అంటుకోబోతే వెనక్కి దూకింది. ఈలోగా మంట కంచె కింద నుంచి దూరి, గుట్ట ఎక్కడం మొదలుపెట్టింది. మంటకు ఎక్కుడు దారంటే ఇష్టం. ఇంకో మనిషి తోడు లేకుండా దాన్ని ఆపడం తన వల్ల కాదని తెలిశాక, సోమమ్మ కొమ్మ పారేసి గుట్ట చుట్టూ తిరిగి ఊరివైపు పరుగెత్తింది. ఊరు గుట్టకు అవతలి పక్క, తూర్పున ఉంది. గాలి పోయేది కూడా అటే.

క్యాంపు గుట్టకు ఆ పేరు రాకముందు ఏం పేరుందో సోమమ్మకు తెలియదు. ఆమె కాపురానికి వచ్చిన రోజుల్లోనే జీపుల్లో మనుషులు వచ్చి, గుట్ట మీద గుడారాలు వేసి, యంత్రాలతో నేలకు బొక్కలు పెట్టారు. పెద్ద పెద్ద కందకాలు తవ్వారు. తవ్విన నల్లరాళ్ళను కిందికి మోయడానికి ఊరి ఆడవాళ్ళను పిలిచారు. సోమమ్మ రెండు ఎండాకాలాలు తట్టలు మోసింది. ఏం రాయి ఇది అని అడిగితే, కరెంటు పుట్టించే రాయి అన్నాడొక మేస్త్రీ. ఆ రాయి అనుకున్నంత దొరకలేదో ఏమో, మూడో ఏడు క్యాంపు ఎత్తేశారు. కుప్ప పోసిన రాళ్ళు అక్కడే ఉండిపోయాయి. చాలా ఏళ్ళకు ఎవరో వచ్చి కంచె వేశారు. రెండేళ్ళ కింద మళ్ళీ సర్వేవాళ్ళు టిక్కుటిక్కుమనే మీటర్లతో తిరిగి, లోపలికి ఎవరూ పోవద్దని హిందీలో బోర్డు పెట్టి పోయారు. ఎందుకు పోకూడదో ఊళ్ళో తలొక మాట చెప్పుకున్నారు. లోపల బాంబు ఉందన్నారు కొందరు. రాయిలో విషముంది, చూస్తే కళ్ళు పోతాయన్నారు కొందరు. సోమమ్మ ఆ మాటలు నమ్మలేదు. తను ఆ రాళ్ళను చూసింది, మోసింది, వాటి మీద కూర్చుని గంజి తాగింది. కళ్ళు బాగానే ఉన్నాయి.

ఊళ్ళోకి వచ్చేసరికే పొగ అందరికీ కనబడింది. బడి ముందు జనం గుమిగూడారు. ఇళ్ళ ముందు చాపల మీద, చదును చేసిన నేల మీద ఎండబోసిన ఇప్పపువ్వు మీద సన్నటి బూడిద రాలడం మొదలైంది.

అటవీశాఖ బీట్ గార్డు దుర్గాభవాని ముప్పావు గంటలో వచ్చింది. ఆమెది భోపాల్‌పట్నం, ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల. అడవి నాకా కాసేవాళ్ళను పిలిచే పాత అలవాటు కొద్దీ ఊళ్ళో పెద్దవాళ్ళు ఆమెను నాకేదారమ్మ అంటారు. అడవిలో ఎక్కడ మంట లేచినా ఫోనుకు మెసేజి వస్తుందట, అది చూసుకుని పక్క బీటు నుంచి మోటారుసైకిలు మీద వచ్చేసింది. వెనకాలే మంట కాపలా పని చేసే ఆయతు, సుక్రాం వచ్చారు. వీపుకు తగిలించుకుని ఆకులను గాలితో చిమ్మే బ్లోయర్లు రెండు తెచ్చారు.

"ఎక్కడ మొదలైంది?" అని అడిగింది దుర్గాభవాని.

గుట్టకు అవతల, వాగు పక్కన, అని సోమమ్మే చెప్పింది. ఎవరు పెట్టారని అడిగితే మాత్రం కొంగుకు అంటిన బూడిద దులుపుకుంది. పశువుల కాపరులెవరో బీడీ పారేసి ఉంటారని గుంపులోంచి ఎవరో అన్నారు. దుర్గాభవాని ఆ మాటను పట్టించుకునే తీరికలో లేదు. సోమమ్మ తలవంచుకుని నిలబడింది. ఒక్క మాట చెప్పడానికి ఉన్న సమయం అట్లా దాటిపోయింది. దాటిపోతున్నదని ఆమెకు తెలుస్తూనే ఉంది.

దుర్గాభవాని రేంజి ఆఫీసుకు ఫోన్ చేసింది. కంచె లోపలికి ఎవరూ పోవద్దు, జగదల్‌పూర్ నుంచి ఆ రాయి సంగతి తెలిసినవాళ్ళు బయలుదేరుతున్నారు, వచ్చేసరికి సాయంత్రం అవుతుంది, అంతదాకా ఊరివైపు మంట రాకుండా చూసుకోండి అన్నారు అవతలి నుంచి. ఆమె ఫోను పెట్టేసి గుట్టవైపు చూసింది. పొగ అప్పటికే గుట్ట సగం ఎత్తుకు వచ్చింది. గాలి తగ్గేలా లేదు.

"సాయంత్రందాకా ఆగితే కుప్ప మీదున్న గడ్డంతా కాలి, దుమ్ము లేచి ఊరి మీద పడుద్ది," అంది, ఎవరితోనో కాదు, తనలో తానే.

అప్పుడు ఆయతు నోరు విప్పాడు. నలభై ఏళ్ళ దొర్ల తెగ మనిషి, నెమ్మదస్తుడు. అడవిలో మంటకు ఎదురు పోవడంలో అతని తర్వాతే ఎవరైనా.

"మేడం, మంటంటే నాకు భయం లేదు. ఎట్ల వస్తదో, ఎటు పోతదో తెలుస్తది. గీ లోపలున్నది ఏందో నాకు తెల్వదు. ఇంట్ల ముగ్గురు పిల్లలున్నరు. ఎవలూ చెప్పకుండ పొమ్మంటే నేను పోను."

దుర్గాభవాని అతన్ని కసురుతుందని సోమమ్మ అనుకుంది. ఆమె కసరలేదు. మోటారుసైకిలు పెట్టెలోంచి, సర్వేవాళ్ళు బీటుకు ఇచ్చిపోయిన, అరచేతిలో పట్టే పసుపుపచ్చ మీటరు తీసి చూపించి, తనకు తెలిసినంత చెప్పింది. ఆ రాయిలో యురేనియం అనే ఖనిజం ఉంది. రాయి ఎగిరొచ్చి మీద పడదు, చూసినంత మాత్రాన ఏమీ కాదు. దగ్గర ఎక్కువసేపు ఉండకూడదు. అన్నిటికంటే చెడ్డది దాని దుమ్ము. ఊపిరితో లోపలికి పోతే లోపలే ఉండిపోతుంది. అందుకే ముక్కుకు తడిగుడ్డ కట్టుకోవాలి, గాలి వచ్చే వైపునే ఉండాలి, లోపల తిరిగిన బట్టలతో ఇంటికి పోకూడదు. ఏమీ కాదని తను మాట ఇవ్వలేదు. కుప్ప దగ్గరికి పోకుండా పని చేసుకుంటే పెద్ద ప్రమాదం లేదని ట్రైనింగులో చెప్పారని మాత్రం అంది.

"మరి నెత్తి మీద పెట్టుకుని మోసినోళ్ళ సంగతేంది?" అని అడిగింది సోమమ్మ.

దుర్గాభవాని ఆమెవైపు తిరిగింది. "ఎవరు మోశారు పెద్దమ్మా?"

"మేమే. రెండు ఎండకాలాలు."

ఆ పిల్ల మొహంలో మార్పు సోమమ్మ చూసింది. మీటరును కిందికి దించి, "నాకు తెలీదు పెద్దమ్మా," అంది. "నిజంగా తెలీదు." "అయితే కుప్ప ఎక్కడుందో నీకు తెలుసా? మా మ్యాపులో కంచె ఒక్కటే ఉంది," అని అడిగింది.

సోమమ్మకు తెలుసు. గుట్ట నెత్తి మీద జీపు బాట ఉండేది, ఉత్తరం నుంచి దక్షిణానికి. బాటకు ఇవతల, ఊరివైపు దిగే చోట రెండో కందకం, దాని పక్కనే కుప్ప. ఇప్పుడు బాట మీద గడ్డి, పొదలు పెరిగి ఉంటాయి గానీ బాట నేల గట్టిది, చెట్లు మొలవవు. మంట పడమటి నుంచి ఎక్కుతోంది కాబట్టి ఆ బాటను ఊడ్చి, అక్కడి నుంచి కిందికి ఎదురు మంట పెడితే, రెండు మంటలూ బాటకు అవతలే కలిసి చస్తాయి. కుప్పదాకా రావు. అదంతా ఆమె నేల మీద పుల్లతో గీసి చూపించింది. దుర్గాభవాని గొంతుక్కూర్చుని చూసింది. ఆయతు కూడా వంగి చూశాడు.

"చూపిస్తా పద," అంది సోమమ్మ. "మ్యాపుల లేని దాన్ని నోటితోటి చెప్తే దొరకదు."

సుక్రాంను ఊళ్ళో ఉంచారు. ఎండబోసిన పువ్వునంతా లోపల పెట్టించాలి, నీళ్ళ కుండల మీద మూతలు వేయించాలి, పిల్లలను బయటికి రానీయకూడదు. దుర్గాభవాని బ్లోయర్లు కూడా అక్కడే దింపించింది. దుమ్ము లేపే యంత్రంతో ఆ గుట్ట మీద పని లేదు. నాలుగు గోనెసంచులు తడిపి, రెండు డబ్బాల్లో నీళ్ళు నింపి, చెక్క పారలు రెండు తీసుకున్నారు. సోమమ్మ ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని ముందు నడిచింది. కంచె తీగ ఎత్తి దూరుతుంటే వెనక అడుగుల చప్పుడైంది. చూస్తే ఆయతు. నీళ్ళ డబ్బా భుజానికెత్తుకుని వస్తున్నాడు.

"చెప్పింది గదా," అన్నాడు దుర్గాభవానివైపు తల ఊపి. "చెప్పినాక వేరు."

గుట్ట నెత్తి మీద బాట ఆమె చెప్పినట్టే ఉంది. సోమమ్మ అంతకాలం తర్వాత దాని మీద కాలు పెట్టింది. మనసుకు ఏదో గుర్తొస్తుందేమో అనుకుంది గానీ, ఒంటికే గుర్తొచ్చింది. తట్టతో ఎక్కడ ఆగి ఊపిరి తీసుకునేదో అక్కడ కాళ్ళు వాటంతటవే ఆగాయి. ఇవతల వాలులో మోకాలెత్తు గడ్డి కింద కుప్ప నల్లగా కనబడుతోంది. దుర్గాభవాని చేతిలో మీటరు కాస్త తొందరగా టిక్కుమంటోంది. కుప్పవైపు రెండడుగులు వేసి చూసి, వెనక్కి వచ్చి, ఈ బాట దాటి ఎవరూ అటు దిగొద్దని చెప్పింది.

ముగ్గురూ బాట ఊడ్చారు. ఊడవడమంటే మామూలుగా కాదు. ముందు నీళ్ళు చిలకరించి, తడిసిన ఆకును పారతో పడమటి వైపుకు లాగడం. దుమ్ము లేవకూడదు. చేతిలో చీపురు ఉంటే సోమమ్మ ఇంతసేపట్లో ఆ మూల నుంచి ఈ మూలకు ఊడ్చేసేది. ఇది నడుం విరిచే పని. కింద నుంచి వెదురు పగిలే చప్పుళ్ళు దగ్గరవుతున్నాయి. పొగలోంచి పిట్టలు విసురుగా బయటపడి తలల మీదుగా పోతున్నాయి. ఊపిరి ఆడక గుడ్డ తీసేయబోయింది ఒకసారి. దుర్గాభవాని వద్దని చేత్తో సైగ చేసింది.

బాట రెండు వందల అడుగుల మేర శుభ్రమయ్యాక, ఎదురు మంట పెట్టాల్సిన ఘడియ వచ్చింది. తొందరపడితే చిన్న మంట గాలికి వెనక్కి తిరిగి వీళ్ళ మీదికే వస్తుంది. ఆలస్యమైతే పెద్ద మంట బాటను దూకుతుంది. కింది మంట గాలిని తనవైపు లాక్కోవడం మొదలయ్యే క్షణం ఒకటుంటుంది, అప్పుడు పెట్టాలి. దుర్గాభవాని అగ్గిపెట్టె తీసి ఆయతుకు ఇచ్చింది. పొగకు అతని కళ్ళు మూసుకుపోతున్నాయి. రెండు పుల్లలు గీశాడు, రెండూ ఆరిపోయాయి. సోమమ్మ చెయ్యి చాచింది.

ఆమె కూర్చుని, గుప్పెడు ఆకు దూసి, పుల్ల గీసి, రెండు చేతుల మధ్య దాచి అంటించింది. అంటించి వెంటనే పెట్టలేదు. కింద గడ్డి కొసలు ఏ వైపు ఊగుతున్నాయో చూస్తూ ఉంది. అవి ఒక్క క్షణం నిటారుగా నిలబడి, మెల్లగా కిందివైపుకు వంగాయి. అప్పుడు ఆకును నేలకు ఆనించింది. రెండడుగులు జరిగి ఇంకో చోట. మళ్ళీ ఇంకో చోట. అట్లా వంగుకుంటూ పోతూనే, వెనకొస్తున్న దుర్గాభవానికి వినబడేట్టు అంది:

"పొద్దుగాల వాగు కాడ పెట్టింది గూడ నేనే. ఇప్పచెట్టు కింద. కాపరులు గాదు."

వెనక అడుగులు ఆగాయి. మళ్ళీ కదిలాయి.

"ముందు ఇది కానీ పెద్దమ్మా," అంది దుర్గాభవాని.

ఎదురు మంట నెమ్మదిగా కిందికి దిగుతూ పోయింది. సగం వాలులో రెండు మంటలూ ఒకదానికొకటి ఎదురై, తాడిచెట్టంత ఎత్తు లేచి, తినడానికి ఏమీ మిగలక కూలబడ్డాయి. ఆ వేడికి ముగ్గురూ బాట మీద బోర్లా పడుకున్నారు. లేచి చూసేసరికి పడమటి వాలంతా నల్లగా పొగలు కక్కుతోంది. ఆయతు నవ్వాడు. అంతలోనే దక్షిణపు కొసన వెదురు పొద ఒకటి పెద్ద చప్పుడుతో పేలి, నిప్పురవ్వలు బాట మీదుగా ఎగిరి ఇవతల పడ్డాయి. కుప్ప అంచున గడ్డి అంటుకుంది.

సోమమ్మ లేవబోయింది. దుర్గాభవాని ఆమె భుజం పట్టి నొక్కి, తడి గోనెసంచి తీసుకుని తనే దిగిపోయింది. ఆయతు నీళ్ళ డబ్బాతో బాట అంచుదాకా వచ్చి అక్కడి నుంచి అందించాడు. అంతకంటే రావద్దని ఆమె అరిచింది. నల్లరాళ్ళ మీద నిలబడి ఆ పిల్ల సంచితో కొడుతోంది, కొట్టిన చోట కాలితో తొక్కుతోంది, మళ్ళీ కొడుతోంది. నడుముకు వేలాడుతున్న మీటరు టిక్కులు కలిసిపోయి ఒకటే రొదగా ఇక్కడిదాకా వినబడుతోంది. ఏడెనిమిది నిమిషాలై ఉంటుంది. సోమమ్మ జీవితంలో అంత పొడుగు ఏడెనిమిది నిమిషాలు లేవు. తన బిడ్డలను కన్నప్పుడు కూడా లేవు. ఆ రాళ్ళ మీద తను కూర్చుని గంజి తాగినప్పుడు ఎవరైనా ఇట్లా దూరం నుంచి చూసి ఉంటే ఏమనుకునేవాళ్ళో అని ఒక్కసారి అనిపించింది. అప్పుడు చూసేవాళ్ళెవరూ లేరు. చూసినవాళ్ళకు తెలిసి ఉంటే చెప్పలేదు.

మంట ఆరింది. దుర్గాభవాని పైకి వచ్చి, దగ్గరికి రావద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టి, దూరంగా కూర్చుంది.

కంచె బయటికి వచ్చాక వాగులో దిగి కడుక్కుంటామంటే ఆమె ఒప్పుకోలేదు. ఊరంతా ఆ నీళ్ళే తాగుతుంది. పొలం గట్టు పక్కన గుంట తవ్వించి, సుక్రాం మోసుకొచ్చిన బిందెల నీళ్ళతో ఒకరి తర్వాత ఒకరు స్నానం చేశారు. బట్టలన్నీ మూటగట్టి, జగదల్‌పూర్ వాళ్ళు వచ్చేదాకా ఎవరూ ముట్టకుండా గుంట పక్కనే ఉంచారు. సోమమ్మకు ఎవరో ఇంటి నుంచి చీర తెచ్చారు. దుర్గాభవానికి సరిపోయే బట్టలు ఎవరింట్లోనూ దొరకలేదు. చివరికి సోమమ్మ పెట్టెలోంచి పాత నేతచీర తెచ్చి ఆమే కట్టింది. యూనిఫాం లేకుండా ఆ పిల్ల మరీ చిన్నదిగా కనబడింది.

జగదల్‌పూర్ వాళ్ళు చెప్పినట్టే సాయంత్రానికి వచ్చారు. మర్నాడంతా మీటర్లతో ఊరు తిరిగారు. బూడిదలో, బావి నీళ్ళలో, ఎండబోసిన పువ్వులో కొలిచారు. మామూలుగా ఉండేదాని కంటే ఎక్కువ ఏమీ లేదన్నారు. అయినా సోమమ్మ పక్కింట్లో ఉండే దేవే అనే ఆమె తన పువ్వంతా ఎత్తి దిబ్బలో పారబోసింది. మీటరు చెప్పింది వినబడింది గానీ మనసు ఒప్పుకోలేదంది. ఇంకా ఇద్దరు ముగ్గురు అట్లాగే పారబోశారు.

ఆ మధ్యాహ్నం దుర్గాభవాని పంచనామా కాగితాలతో సోమమ్మ ఇంటికి వచ్చింది. పంచలో మంచం మీద కూర్చుని, చాలాసేపు కలం మూత తీయలేదు.

"నీ పేరు రాయాలి పెద్దమ్మా. ఆ మాట నాతో అన్నావు కాబట్టి ఇంక తెలీదని రాయలేను."

"రాయనీకే చెప్పిన," అంది సోమమ్మ. "రాయి."

ఆమె రాసింది. చెట్టు ఎక్కడ, ఎన్ని గంటలకు, మొద్దు సంగతి, అన్నీ. ఆ తర్వాత కుప్ప జాడ ఎట్లా తెలిసిందని అడిగింది. అది కూడా రాయాలట. సోమమ్మ క్యాంపు రోజుల సంగతి చెప్పడం మొదలుపెట్టింది. నీతోపాటు ఎవరెవరు మోశారంటే వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. పక్కింటి దేవే. బడి దగ్గరుండే సుమిత్ర. అట్లా తనతో కలిపి పదకొండు మంది తేలారు. అందులో నలుగురు ఇప్పుడు లేరు.

"సన్నే అని ఉండె. మా అందరిలకు బలమైంది. రెండు తట్టలు ఒక్కటే సారి ఎత్తేది. కాళ్ళు, మొహం వాచి సచ్చిపోయింది. కిడ్నీలు పోయినయన్నరు. నలభై గూడ నిండలేదు."

దుర్గాభవాని కలం ఆపి చూసింది. "అది దీనివల్లే అని చెప్పలేం పెద్దమ్మా."

"దీనివల్లనే అని నేననలే. మోసిందంటున్న. మోసినోళ్ళల్ల ఆమె పేరు గూడ రాయి."

కాగితంలో అందుకు చోటు లేదు. దుర్గాభవాని కాగితం తిప్పి, వెనకవైపు ఒకటి నుంచి పదకొండు దాకా అంకెలు వేసి, చదివి వినిపిస్తూ ఒక్కొక్క పేరే రాసింది. చనిపోయినవాళ్ళ పేర్ల పక్కన ఏ ఏడు పోయారో, ఏం జబ్బని చెప్పుకున్నారో కూడా రాసింది. సోమమ్మ వేలిముద్ర వేసింది.

నిప్పు పెట్టింది తనేనని ఆ సాయంత్రం బడి ముందు అందరికీ తనే చెప్పుకుంది. ఎవరూ తిట్టలేదు. ప్రతి ఇంటివాళ్ళూ పెట్టే నిప్పే అది. దేవే మాత్రం పారబోసిన పువ్వు గుర్తొచ్చి వారం రోజులు మాట్లాడలేదు. రేంజర్ కేసు రాసి, మొదటి తప్పు కింద హెచ్చరించి వదిలిపెట్టాడు. మిరప నుంచి తిరిగొచ్చిన రామనర్సయ్య కథంతా విని, గొడ్డలి తీసుకుని పోయి మిగిలిన మొద్దును ముక్కలు చేసి వచ్చాడు. తను లేకపోయినందుకు అతను పడే బాధ ఆ రకంగా బయటపడిందని సోమమ్మకు అర్థమైంది.

పంచనామా వెనకవైపు పేర్లను ఎవరు చదివారో, ఎన్ని బల్లలు మారాయో ఊళ్ళో ఎవరికీ తెలియదు. వానలు పడకముందు లారీల్లో మట్టి తెచ్చి కుప్పను కప్పారు. వానలు వెనకబట్టాక బ్రతికున్న ఏడుగురినీ పరీక్షలకు జగదల్‌పూర్ రమ్మని కబురొచ్చింది. బస్సులో పోయారు. దేవే దారిపొడుగునా సోమమ్మ పక్కనే కూర్చుంది.

పెద్దాసుపత్రి వరండాలో బల్ల మీద మామూలు బట్టల్లో దుర్గాభవాని కూర్చుని ఉంది. చేతిలో వీళ్ళ చేతుల్లో ఉన్నటువంటి చీటీయే ఉంది. సోమమ్మ పోయి పక్కన కూర్చుంది.

"నేను నిప్పు పెట్టకపోతే నువ్వు ఈడికి రాకపోదువు బిడ్డా," అంది.

దుర్గాభవాని చీటీని మడుస్తూ, విప్పుతూ కూర్చుంది.

"అది నిజమే పెద్దమ్మా. నిప్పు నువ్వు పెట్టావు. ఆ కుప్పను అన్నేళ్ళు అట్లా వదిలేసింది నువ్వు కాదు. నేను రెండూ రాశాను."

ఆమెను ముందు పిలిచారు. బయటికి వచ్చి, అంతా బాగానే ఉందన్నారని, ఏడాదికోసారి చూపించుకోమన్నారని చెప్పింది. సోమమ్మ వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. డాక్టరు హిందీలో చెబుతుంటే దుర్గాభవాని పక్కన నిలబడి తెలుగులో చెప్పింది. కిడ్నీల పని కాస్త తగ్గింది. వయసు వల్ల కావచ్చు, బీపీ వల్ల కావచ్చు, రాయి వల్ల కూడా కావచ్చు. ఏది అని విడదీసి చెప్పడం కష్టం. ఉప్పు తగ్గించాలి, మందు వేసుకోవాలి, ఆరు నెలలకోసారి రావాలి.

సోమమ్మ అన్నీ విన్నది. తెలియదని ఇంత వివరంగా చెప్పిన మనిషి తనకు ఇంతకుముందు తగల్లేదు. అది ఎందుకో కాస్త ఊరటగానే ఉంది. బాధ కూడా ఉంది, కానీ అది చెప్పుకోగలిగే బాధ.

బయట వరండాలో మిగతా ఆరుగురూ ఆమె కోసం నిలబడి ఉన్నారు. ఎవరికేం చెప్పారో ఒకరికొకరు చెప్పుకున్నారు. ఇద్దరిని ఇంకోసారి రమ్మన్నారు, సోమమ్మతో కలిపి ముగ్గురు. భోపాల్‌పట్నం బస్సుకు ఇంకా గంట టైముంది. దుర్గాభవాని అందరినీ బస్టాండు పక్కన హోటలుకు తీసుకుపోయింది. అన్నంలో పప్పు పోసుకుంటూ, రెండోసారి ఎప్పుడు రావాలి, ఎవరెవరు కలిసి రావాలి అని ఆడవాళ్ళు మాట్లాడుకుంటూ ఉంటే, సోమమ్మ పచ్చడి గిన్నెను చేత్తో పక్కకు జరిపి, వాళ్ళ మాటల్లో తనూ కలిసింది.